ఫోటో సైజును శాతాల్లో తగ్గించడం ఎలా: ‘30 శాతం’ వేరు, ‘30 శాతానికి’ వేరు

కొన్నేళ్ల కిందట ఒక పత్రిక డిజైనర్ నుంచి ఫోన్ వచ్చింది. “ఫోటోలు మరీ పెద్దగా ఉన్నాయండీ, ఓ 30 శాతం తగ్గించి పంపండి” అన్నారు. మొత్తం 40 ఫోటోలు. రీసైజ్ పెట్టెలో 30 అని కొట్టి, ఓకే నొక్కి, పంపేశాను. పది నిమిషాల్లో మళ్లీ ఫోన్. “ఇంత చిన్నవి పంపారేంటండీ?”

ఆయన అడిగింది 30 శాతం తీసేయమని. నేను చేసింది 30 శాతమే మిగల్చడం. 4,000 పిక్సెళ్ల (ఫోటో ఏర్పడే చిన్న చుక్కల) వెడల్పున్న ఫోటో 2,800కి రావాల్సింది, 1,200 అయి కూర్చుంది. పైగా నేను పాత ఫైళ్ల మీదే సేవ్ చేశాను. కెమెరా కార్డు అంతకుముందే ఫార్మాట్ చేసేశాను. ఇక చేసేదేముంది, ఆ పేజీలో ఫోటోలు అగ్గిపెట్టెలంత వచ్చాయి.

తేడా అంతా ఒక్క ‘కి’లో ఉంది. ‘30 శాతం తగ్గించు’ అంటే 70 మిగలాలి. ‘30 శాతానికి తగ్గించు’ అంటే 30 మిగలాలి. రీసైజ్ పెట్టెకి అర్థమయ్యేది రెండోది మాత్రమే. అక్కడ మీరు కొట్టే అంకె ఎప్పుడూ మిగలాల్సిన సైజే. 100 అంటే మార్పు లేదు, 50 అంటే సగం, 200 అంటే రెట్టింపు. ఎవరైనా ‘ఇంత శాతం తగ్గించండి’ అంటే, పని మొదలుపెట్టే ముందే “వెడల్పు ఎన్ని పిక్సెళ్లు ఉండాలి?” అని తిరిగి అడగండి. నేను ఇప్పుడు అదే చేస్తున్నాను.

శాతాలతోనే ఎందుకు?

ఫోటోకి రెండు కొలతలు: వెడల్పు, ఎత్తు. వీటిలో ఒకటి ఒకలా, ఇంకొకటి ఇంకోలా మారితే మొహాలు సాగిపోతాయి. 4,000 × 3,000 ఫోటోని తీసుకెళ్లి 1,200 × 1,200 చతురస్రంలో కుక్కితే అందులోని మనుషులందరూ పొడుగ్గా, సన్నగా తయారవుతారు. శాతంలో ఆ బాధ లేదు. ఒకే అంకె రెండు వైపులకీ పడుతుంది కాబట్టి నిష్పత్తి చెక్కుచెదరదు. 30 శాతానికి తగ్గిస్తే 1,200 × 900. మొదట 4:3గా ఉన్నది ఇప్పుడూ 4:3గానే ఉంటుంది.

ఇంకో సుఖం ఉంది. ఒకే కెమెరాతో తీసిన నిలువు ఫోటోలూ అడ్డం ఫోటోలూ కలిసి ఉన్నప్పుడు, ‘వెడల్పు 1,200’ అని పెడితే నిలువు ఫోటోలు మిగతావాటికంటే పెద్దగా వస్తాయి. 3,000 × 4,000 ఉన్నది 1,200 × 1,600 అవుతుంది. శాతం పెడితే ఏది ఎటు తిరిగి ఉన్నా పట్టింపు లేదు, అన్నీ ఒకే మేరకు తగ్గుతాయి.

ముందు ఇప్పుడున్న సైజు తెలుసుకోండి

విండోస్‌లో ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూడండి. మ్యాక్‌లో ఫైల్‌ని ఎంచుకుని గెట్ ఇన్ఫో నొక్కండి. ఫోన్‌లో గ్యాలరీలోని ఫోటో వివరాల్లో ఉంటుంది. మీకు కావాల్సింది పిక్సెళ్లలో ఉండే జంట అంకెలు. కేబీ, ఎంబీ అంకె వేరే సంగతి, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

లెక్క చాలా తేలిక: కావాల్సిన వెడల్పుని ఉన్న వెడల్పుతో భాగించి 100తో గుణించండి. ఉన్నది 4,000, కావాల్సింది 1,000 అయితే 25 శాతం. ఉన్నది 1,920, కావాల్సింది 1,280 అయితే 66.67. ఇలాంటి దశాంశాలు వస్తే కొన్ని ప్రోగ్రాములు ఒప్పుకోవు, 67 అని కొట్టాల్సి వస్తుంది. అప్పుడు వెడల్పు 1,286 వస్తుంది. మామూలు వాడకానికి ఆ ఆరు పిక్సెళ్లు ఎవరికీ కనపడవు. కానీ ‘ఖచ్చితంగా 1,280 ఉండాలి’ అని నియమం పెట్టిన చోట శాతంతో కుస్తీ పట్టకండి. పిక్సెళ్ల పద్ధతికి మారి, నిష్పత్తి లాక్ చేసి, వెడల్పు ఒక్కటే కొట్టండి.

పెయింట్‌లో, అడుగడుగునా

విండోస్ ఉన్న కంప్యూటర్‌లో పెయింట్ ఎలాగూ ఉంటుంది. దీంతోనే మొదలుపెడదాం.

1. ముందు ఫైల్‌కి ఒక కాపీ తీసి పక్కన పెట్టండి. నాలాగా చేయకండి.

2. కాపీని పెయింట్‌లో తెరవండి. కింద స్టేటస్ బార్‌లో పిక్సెళ్ల కొలత కనిపిస్తుంది, ఒక కాగితం మీద రాసుకోండి.

3. ఫోటోలో ఏ భాగమూ సెలెక్ట్ అయి లేదని చూసుకోండి. చుట్టూ చుక్కల గీత ఉందంటే ఏదో సెలెక్ట్ అయి ఉన్నట్టే. అలా ఉండగా రీసైజ్ చేస్తే ఆ ముక్క ఒక్కటే చిన్నదై, మిగతా ఫోటో అలాగే ఉండిపోతుంది. చాలామంది ‘పెయింట్ పాడైంది’ అనుకునేది ఇక్కడే. ఎస్కేప్ నొక్కితే సెలెక్షన్ పోతుంది.

4. కంట్రోల్ పట్టుకుని డబ్ల్యు నొక్కండి. రీసైజ్ అండ్ స్క్యూ అనే పెట్టె తెరుచుకుంటుంది.

5. పైన పర్సెంటేజ్, పిక్సెల్స్ అని రెండు ఉంటాయి. పర్సెంటేజ్ ఎంచుకోండి. హారిజాంటల్, వర్టికల్ రెండింట్లోనూ 100 కనిపించాలి.

6. మెయింటెయిన్ యాస్పెక్ట్ రేషియో దగ్గర టిక్ ఉందో లేదో చూడండి. కొన్ని వెర్షన్లలో దాని బదులు రెండు పెట్టెల మధ్య గొలుసు గుర్తు ఉంటుంది. అది ఆన్‌లో ఉండాలి. శాతంలో చేస్తున్నా ఇది తప్పనిసరి, ఎందుకంటే టిక్ లేకపోతే హారిజాంటల్‌లో 30 కొట్టినా వర్టికల్‌లో 100 అలాగే కూర్చుని ఉంటుంది.

7. హారిజాంటల్‌లో 30 కొట్టండి. వర్టికల్ దానంతట అదే 30కి మారాలి. మారలేదంటే ఆగి, ఆరో అడుగు మళ్లీ చూడండి.

8. కింద స్క్యూ అని ఉంటుంది, అది బొమ్మని ఏటవాలుగా వంచడానికి. దాని జోలికి వెళ్లకండి. ఓకే నొక్కండి.

9. స్టేటస్ బార్‌లో కొత్త కొలత చూడండి. 4,000 × 3,000 కాస్తా 1,200 × 900 అయితే సరే. తేడా వస్తే కంట్రోల్ జెడ్.

10. ఎఫ్12 నొక్కి సేవ్ యాజ్‌తో వేరే పేరు పెట్టండి. నేను పేరు చివర శాతం తగిలిస్తాను, ‘తోట_30’ అన్నట్టు. ఆర్నెల్ల తర్వాత ఏది అసలో ఏది కాపీయో అడగాల్సిన పని ఉండదు.

బయట కాపీ చేసిన బొమ్మని పెయింట్‌లో పేస్ట్ చేసేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. పెయింట్ తెల్ల కాగితం బొమ్మకంటే పెద్దదైతే చుట్టూ తెల్లని అంచు మిగులుతుంది. రీసైజ్ చేస్తే ఆ అంచు కూడా కలిసి తగ్గుతుంది, మీ లెక్క తప్పుతుంది. ముందు క్రాప్ చేసి అంచు తీసేయండి.

మిగతా ప్రోగ్రాముల్లో

పద్ధతి ఒకటే కాబట్టి తేడాలు మాత్రం చెబుతాను.

మ్యాక్‌లోని ప్రివ్యూలో టూల్స్ మెనూలో అడ్జస్ట్ సైజ్ ఉంటుంది. పిక్సెల్స్ అని ఉన్న చోట పర్సెంట్ ఎంచుకోవాలి. స్కేల్ ప్రపోర్షనల్లీ, రీశాంపుల్ ఇమేజ్ రెండింటికీ టిక్ ఉండాలి. ఓకే నొక్కకముందే కొత్త ఫైల్ ఎంత ఉంటుందో కింద చూపిస్తుంది, ఇది నాకు చాలా ఇష్టం. ఒక్క జాగ్రత్త: ప్రివ్యూ మార్పుల్ని అడక్కుండానే పాత ఫైల్‌లో సేవ్ చేసేస్తుంది. కాబట్టి ముందే ఫైల్ మెనూలో డూప్లికేట్ నొక్కి, ఆ కాపీ మీద పని చేయండి.

జింప్‌లో ఇమేజ్ మెనూలో స్కేల్ ఇమేజ్. పక్కనే కాన్వాస్ సైజ్, ప్రింట్ సైజ్ అని ఉంటాయి, అవి కావు. కొలత పక్కన ఉన్న చిన్న మెనూలో శాతం ఎంచుకోండి. గొలుసు గుర్తు విడిపోయి ఉంటే నొక్కి కలపండి. సేవ్ నొక్కితే జింప్ తన సొంత ఫార్మాట్‌లో దాచుకుంటుంది, జేపెగ్ కావాలంటే ఎక్స్‌పోర్ట్ యాజ్ వాడాలి.

ఫోటోషాప్‌లో ఇమేజ్ సైజ్. రీశాంపుల్ టిక్ తీసేసి ఉంటే పిక్సెళ్లు అసలు మారవు, అక్కడ మారేది ప్రింట్ కొలతే. తగ్గించేటప్పుడు బైక్యూబిక్ షార్పర్, పెంచేటప్పుడు బైక్యూబిక్ స్మూదర్ అని ఆ ప్రోగ్రామే సూచిస్తుంది. తోచకపోతే ఆటోమేటిక్‌లో వదిలేయండి.

వర్డ్‌లో, స్లయిడ్లలో పెట్టిన బొమ్మకి కూడా శాతం పెట్టొచ్చు. బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి సైజ్ వివరాల్లోకి వెళ్తే స్కేల్ అని ఉంటుంది, పక్కనే లాక్ యాస్పెక్ట్ రేషియో. అయితే ఇక్కడ తగ్గేది కంటికి కనిపించే సైజే. లోపలి పిక్సెళ్లు మామూలుగా అలాగే ఉంటాయి, ఫైల్ బరువు (కేబీ, ఎంబీ అంకె) పెద్దగా తగ్గదు. మెయిల్‌లో పంపాలంటే కంప్రెస్ పిక్చర్స్ వాడాలి, లేదా ముందే బయట తగ్గించి లోపల పెట్టాలి.

ఫోన్లలో కొన్ని గ్యాలరీ యాప్‌లు ఎడిట్ మెనూలోనే రీసైజ్ ఇస్తాయి. లేకపోతే రీసైజ్ పని చేసే చిన్న యాప్ ఒకటి వేసుకోవాలి. పద్ధతి ఏదైనా, రెండు వేళ్లతో చిన్నది చేసి చూడటం రీసైజ్ కాదు. అది జూమ్. ఫైల్ మారదు.

సగం చేస్తే సగం అవ్వదు

ఇది మొదట్లో అందరినీ తికమక పెడుతుంది. 4,000 × 3,000 అంటే కోటీ 20 లక్షల పిక్సెళ్లు, అదే 12 మెగాపిక్సెల్ అంటాం. 50 శాతానికి తగ్గిస్తే 2,000 × 1,500, అంటే 30 లక్షలు. సగం కాదు, పావు వంతు. వెడల్పూ సగమైంది, ఎత్తూ సగమైంది, సగంలో సగం పావు కదా. 25 శాతానికి వస్తే పదహారో వంతు. నిజంగా పిక్సెళ్లు సగం కావాలంటే పెట్టాల్సింది 71.

దీన్ని తిప్పి వాడుకోవచ్చు. దరఖాస్తులు పెట్టేటప్పుడు ‘ఫోటో ఇన్ని కేబీ దాటకూడదు’ అంటారు కదా, అప్పుడు పిక్సెళ్ల సంగతి పక్కనపెట్టి బరువు నుంచే శాతం లెక్కేయండి. కావాల్సిన బరువుని ఉన్న బరువుతో భాగించి, దాని వర్గమూలం తీసి, 100తో గుణించాలి. 800 కేబీ ఫోటో 200 కేబీకి రావాలంటే, 200 బై 800 అంటే 0.25, దాని వర్గమూలం 0.5, అంటే 50 శాతం. 2,000 కేబీ ఉన్నది 100కి రావాలంటే 0.05, వర్గమూలం దాదాపు 0.22. అంటే 22 శాతం.

ఇది అంచనా మాత్రమే. జేపెగ్ బరువు ఫోటోలో ఉన్న వివరాన్ని బట్టి ఉంటుంది. ఖాళీ ఆకాశం తేలిక, ఆకులు నిండిన చెట్టు బరువు. ఫోటో చిన్నదయ్యే కొద్దీ ఉన్న వివరమంతా తక్కువ పిక్సెళ్లలో ఇరుక్కుంటుంది కాబట్టి బరువు లెక్క ప్రకారం దిగదు, కాస్త ఎక్కువే తేలుతుంది. అందుకే 22 వస్తే నేను 20 పెడతాను. అప్పటికీ దిగకపోతే, సేవ్ చేసేటప్పుడు క్వాలిటీ అని అడిగే చోట 80 దగ్గరికి తగ్గిస్తాను.

స్క్రీన్‌షాట్లు, అక్షరాలు

మనుషుల ఫోటోలు 30 శాతానికి తగ్గించినా బాగానే ఉంటాయి. కష్టమంతా అక్షరాలతోనే. స్క్రీన్ మీద సన్నని గీత ఒక్క పిక్సెల్ మందం ఉంటుంది. 50 శాతానికి తగ్గిస్తే నాలుగు పిక్సెళ్లు కలిసి ఒకటవుతాయి, ఆ నల్ల గీత పక్కనున్న తెలుపుతో కలిసి బూడిద రంగుకి తిరుగుతుంది. 67 లాంటి శాతాల్లో ఇంకా చిరాకు, కొన్ని గీతలు ముదురుగా, కొన్ని లేతగా వస్తాయి.

తెలుగు అక్షరాలు ఉన్న స్క్రీన్‌షాట్ అయితే మరీ జాగ్రత్త. ‘ద’కీ ‘ధ’కీ తేడా కింద ఉన్న చిన్న గీతే. 40 శాతానికి తెచ్చేసరికి ఆ గీత మసకలో కలిసిపోతుంది. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియదు, వత్తులు చుక్కలవుతాయి. ఇంగ్లిష్ అక్షరాలు చదవగలిగే సైజులో తెలుగు చదవలేకపోవడం మీరే చూస్తారు. కాబట్టి స్క్రీన్‌షాట్‌ని చిన్నది చేయాలనిపిస్తే రీసైజ్ కంటే ముందు క్రాప్ చేయండి. కావాల్సిన పెట్టె మాత్రం ఉంచి మిగతా స్క్రీన్ అంతా కోసేస్తే, చాలాసార్లు తగ్గించే అవసరమే రాదు. ఫార్మాట్ కూడా జేపెగ్ బదులు పీఎన్‌జీ పెట్టండి. జేపెగ్‌లో అక్షరాల చుట్టూ దుమ్ములాంటి మరకలు వస్తాయి, పీఎన్‌జీలో రావు.

చారల చొక్కాలు, ఇటుక గోడలు, దోమతెరలు ఇంకో రకం. చిన్నది చేయగానే వాటి మీద లేని అలలు పుడతాయి. ఈ అలల పేరు మువారే. అలా కనిపిస్తే శాతం కొంచెం అటూ ఇటూ మార్చి చూడండి, 30 బదులు 33. ఒక్కోసారి అంతే చాలు.

పెంచడం, మళ్లీ మళ్లీ తగ్గించడం

200 అని కొడితే ప్రోగ్రామ్ ఒప్పుకుంటుంది, ఫోటో పెద్దదవుతుంది. కానీ పిక్సెళ్లు నాలుగు రెట్లవుతాయి, అంటే ప్రతి నాలుగింటిలో మూడు కెమెరా చూడనివే. పక్క పిక్సెళ్లని చూసి ప్రోగ్రామ్ ఊహించి నింపినవి. అందుకే మసక. ఏఐతో పెంచే పరికరాలు ఇంకా అందంగా ఊహిస్తాయి, అయినా ఊహే. దూరంగా ఉన్న బోర్డు మీది అక్షరాలు పెంచి చదవాలనుకుంటే దాన్ని నమ్మొద్దు, లేని అక్షరాన్ని స్పష్టంగా రాసి చూపిస్తుంది. పాత గేముల్లో లాంటి చిన్న పిక్సెల్ బొమ్మలకి మాత్రం 200, 300, 400 హాయిగా పెట్టొచ్చు. నియరెస్ట్ నైబర్ అనే పద్ధతి ఎంచుకుంటే ప్రతి గడీ చెక్కినట్టు అలాగే పెద్దదవుతుంది.

శాతం ఎప్పుడూ అప్పటికి తెరిచి ఉన్న ఫైల్ మీదే పడుతుంది. 50 చేసి, సేవ్ చేసి, మళ్లీ 50 చేస్తే అసలులో 25. 20 శాతం తగ్గించి తర్వాత 20 శాతం పెంచితే పాత సైజు రాదు, 0.8 × 1.2 లెక్కన 96 దగ్గర ఆగుతుంది. 80కి తగ్గించినదాన్ని 125కి పెంచితే కొలత సరిపోతుంది, పోయిన వివరం మాత్రం రాదు. పైగా జేపెగ్ మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ నాణ్యత కొంచెం పోతుంది. అందుకని సైజు నచ్చకపోతే తగ్గించిన కాపీని సరిచేయడానికి కూర్చోకండి, అసలు ఫైల్ మళ్లీ తెరిచి కొత్త శాతం పెట్టండి.

డీపీఐ, అంటే అచ్చులో అంగుళానికి ఎన్ని చుక్కలు అనేదాని గురించి ఒక్క మాట. డీపీఐని 300 నుంచి 72కి మార్చినంత మాత్రాన ఫోటో పిక్సెళ్లు తగ్గవు. అది ప్రింటర్‌కి చెప్పే మాట మాత్రమే. 1,200 పిక్సెళ్ల వెడల్పు 300 డీపీఐలో 4 అంగుళాలు అచ్చవుతుంది. ప్రింట్‌కి పంపేటప్పుడు ఈ భాగహారం చేసుకుని, అంతకంటే కిందికి తగ్గించకండి.

ఫోల్డర్ మొత్తం ఒకేసారి

విండోస్‌లో పవర్‌టాయ్స్ అనే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామ్ వేసుకుంటే ఇమేజ్ రీసైజర్ వస్తుంది. ఫోటోలన్నీ ఎంచుకుని, రైట్ క్లిక్ చేసి, దాన్ని తెరిచి, కస్టమ్‌లో యూనిట్‌గా పర్సెంట్ పెట్టి అంకె కొట్టాలి. మామూలుగా అది పక్కనే కొత్త కాపీలు చేస్తుంది. అసలు ఫైళ్లనే మార్చే ఆప్షన్ కూడా అక్కడే ఉంటుంది, దాని టిక్ తీసే ఉంచండి. ఇర్ఫాన్‌వ్యూ వాడేవాళ్లు బి నొక్కితే బ్యాచ్ కిటికీ వస్తుంది, అడ్వాన్స్‌డ్‌లో శాతం ఉంటుంది. మ్యాక్ ప్రివ్యూలో ముందు ఫోల్డర్‌ని కాపీ చేసుకుని, ఆ ఫోటోలన్నీ ఒకేసారి తెరిచి, పక్క పట్టీలో అన్నీ ఎంచుకుని అడ్జస్ట్ సైజ్ నొక్కండి.

ఫోల్డర్‌లో ఒకే కెమెరా ఫోటోలు ఉంటేనే ఒకే శాతం పనికొస్తుంది. 4,000 పిక్సెళ్ల ఫోటోల మధ్య ఎవరో చాట్‌లో పంపిన 1,280 పిక్సెళ్ల ఫోటో ఒకటి ఉంటే, 30 శాతానికి అది 384 అయి, గోరంత మిగులుతుంది. అలాంటి కలగూర ఫోల్డర్ అయితే సైజు వారీగా సార్ట్ చేసి, చిన్నవాటిని వేరే ఫోల్డర్‌లోకి లాగి, పెద్దవాటికి మాత్రం శాతం పెట్టండి.

అన్నీ ఒకేసారి నడిపే ముందు నేను రెండు ఫోటోలతో చేసి చూస్తాను, ఒకటి నిలువుది, ఒకటి అడ్డందీ. కొత్త కొలతలు చూసి, జూమ్ 100లో పెట్టి మొహాలు, అక్షరాలు గమనిస్తాను. కిటికీకి సరిపడేలా కుదించి చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి, 100లోనే అసలు రంగు బయటపడుతుంది. అవి బాగుంటే మిగతా ఫోల్డర్ నడిపిస్తాను. తర్వాత ఫైళ్ల లెక్క సరిపోయిందా, 40 పెడితే 40 వచ్చాయా అని చూసుకుని పంపుతాను. అసలు ఫోటోల ఫోల్డర్ మాత్రం, అందుకున్నవాళ్లు “సరిపోయాయండీ” అనేదాకా అలాగే ఉంటుంది.